టార్పాలిన్ మీద పరిచిన కోత మిషన్

బుకిట్ పంజాంగ్‌లో పన్నెండో అంతస్తు ఫ్లాట్‌లో ఉండేవాడికి పాత కోత మిషన్లు సేకరించే పిచ్చి ఎందుకు పట్టిందని నన్ను చాలామంది అడిగారు. అందరికంటే ఎక్కువసార్లు అడిగింది మా ఆవిడ. స్టాంపులో, పాత నాణేలో అయితే ఒక డ్రాయరు ఖాళీ చేస్తే సరిపోతుంది. నా పిచ్చికి షెడ్డు కావాలి. సింగపూర్‌లో షెడ్డంటే మాటలా? సైకిలు పెట్టుకునే చోటు కోసమే ఇక్కడ పక్కింటివాళ్ళతో మాట పట్టింపులొస్తాయి. అందుకని సముద్రం మీది కాజ్‌వే రోడ్డు దాటి మలేషియా జొహోర్‌లో, ఒక పాత ఇనుము వ్యాపారి యార్డు వెనక ఉన్న రేకుల షెడ్డు అద్దెకు తీసుకున్నాను. ప్రతి శనివారం పాస్‌పోర్టు జేబులో పెట్టుకుని, ఒక దేశం దాటి వెళ్ళి, చేతులకు గ్రీజు పూసుకుని తిరిగి వచ్చేవాణ్ణి.

నేను వెతికేవి ఇప్పటి హార్వెస్టర్లు కావు. అవి తమంతట తాము నడుస్తాయి, డ్రైవరు చల్లగా ఏసీలో కూర్చుంటాడు. నాకు కావలసినవి వాటి తాతలు. ట్రాక్టర్ వెనక తగిలించుకుని లాక్కుపోయే చిన్న మిషన్లు. ఒక పక్క కత్తుల పట్టీ పైరును కోస్తుంది, కాన్వాస్ పట్టా దాన్ని లోపలికి మోస్తుంది, డ్రమ్ము నూరుస్తుంది, జల్లెడలు ఊగుతూ గింజను, పొట్టును వేరు చేస్తాయి. కోత, నూర్పిడి, తూర్పార అన్నీ దాని పొట్టలోనే అయిపోతాయి. ఇంత చేసేదాని కోత వెడల్పు చూస్తే ఐదారు అడుగులు మించదు. అదే నాకు ముద్దు.

నిజామాబాద్ దగ్గర మా బడి వెనక వ్యవసాయ ఫారం పొదల్లో అలాంటిదొకటి పడి ఉండేది. అదేమిటో మాకెవరికీ తెలీదు. కూలిపోయిన విమానంలో ముక్క అని మాలో ఒకడు తేల్చేశాడు, అందరం నమ్మాం. దాని మీదెక్కి మేం పోని దేశం లేదు. చాలా ఏళ్ళ తర్వాత, జురాంగ్ ఐలాండ్‌లో పని ముగించుకుని బస్సులో ఇంటికొస్తూ ఫోన్ చూస్తుంటే, ఎవరో ఆస్ట్రేలియా రైతు పెట్టిన ఫొటోలో మా విమానం కనిపించింది. అది వడ్లూ గోధుమలూ కోసే మిషనని అప్పుడు తెలిసింది. ఆ రోజు దిగాల్సిన చోట దిగడం మర్చిపోయాను.

వెతకడంలో సగం ఫోన్‌లోనే జరుగుతుంది. మలేషియాలో పాత ఇనుము కొనేవాళ్ళకు ఆ ఫొటో పంపి, ఇలాంటిది ఎక్కడైనా కనిపిస్తే చెప్పమన్నాను. చెరకు గానుగల ఫొటోలు వచ్చాయి, కాంక్రీటు కలిపే డ్రమ్ములు వచ్చాయి, ఒకాయనైతే తలకిందులుగా పడున్న ఐస్‌క్రీమ్ బండి పంపాడు. కొన్నాళ్ళకు నాకే కన్ను కుదిరింది. తీగల్లో ఎంత మునిగి ఉన్నా సరే, పక్కన పెద్ద పుల్లీ, పైన వంపు తిరిగిన రేకు కనిపిస్తే చాలు, అదే. మొదటి మిషన్ను ఒక రబ్బరు తోట గోడౌన్‌లో పట్టుకున్నాను. చెక్క భాగాలన్నీ చెదలు తినేసి, నాకు ఇనుము మిగిల్చాయి. దాని కోసం విడి ముక్కలకని రెండోదాన్ని ఆస్ట్రేలియా నుంచి తెప్పించాను. రెండూ తిరగలేదు. ఇంట్లో మాత్రం నా తల బాగానే తిరిగింది.

తిరగని డ్రమ్ముకు, దాని షాఫ్టు కూర్చునే కొత్త బుష్షు చేయించాలని సెంబవాంగ్‌లో వర్క్‌షాపుల చుట్టూ తిరిగాను. ఒక్కటి కావాలంటే ఎవరూ మొహం చూడలేదు. ఒక మధ్యాహ్నం అక్కడి హాకర్ సెంటర్‌లో తినడానికి టిష్యూ ప్యాకెట్ పడేసి బల్ల చోప్ చేసుకుని, అంటే నా కోసం ఆపుకుని, మా ఆవిడతో ఫోన్‌లో షాఫ్టు గురించి విసుక్కుంటున్నాను. పక్క బల్ల దగ్గర ఒంటరిగా టీ తాగుతున్న ముసలాయన నా వైపు కుర్చీ తిప్పుకున్నాడు.

“ఏ షాఫ్టు తమ్ముడూ? మందం ఎంతుంటాది?”

తమిళాయన అనుకున్న మనిషి తెలుగులో అడిగేసరికి నేను ఫోన్ పెట్టేయడం కూడా మర్చిపోయి అంతా చెప్పాను. ఆయన షిప్‌యార్డులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. వాళ్ళ తాత విశాఖపట్నం వైపు నుంచి రబ్బరు తోటల్లో పనికి వచ్చాడట, తండ్రి అక్కణ్ణుంచి సెంబవాంగ్ నేవల్ బేస్‌కు మారాడట. ఈయన ఇక్కడే పుట్టాడు. భార్య పోయింది, టీచరుగా పనిచేసే కూతురి దగ్గర ఉంటున్నాడు. మూడు తరాల కిందట ఓడెక్కిన తెలుగు ఆయన నోట్లో ఇంకా అలాగే ఉంది, మధ్యలో తమిళం, మలయ్ వచ్చి కూర్చున్నాయి, అంతే. నేను అంకుల్ అన్నాను. ఇక్కడ పెద్దవాళ్ళందరూ అంకుల్సే. ఈయన విషయంలో కొన్నాళ్ళకే నాకు ఆ మాట చాలలేదు, కానీ ఇంకో మాట వాడే ధైర్యం చేయలేదు.

ఆ వారం నుంచే ఆయన నాతో షెడ్డుకు రావడం మొదలుపెట్టాడు. రెండు మిషన్లనూ చుట్టూ తిరిగి చూసి, వీటి పని అయిపోయింది, బతికున్నది వెతుకు అన్నాడు. అలా వెతగ్గా దొరికింది మూడోది. మలేషియా ఉత్తరాన కెడాలో ఒక పాత రైస్‌మిల్లు వెనక కోళ్ళు దాన్ని ఇల్లు చేసుకున్నాయి. ఎన్నో ఏళ్ళ కిందట ఎవరో వరి మీద ప్రయత్నించి చూద్దామని తెప్పించారట. మొదటి కోతలోనే బురదలో ఇరుసు దాకా దిగిపోయింది. దున్నపోతులతో బయటికి లాగించి మిల్లు వెనక పడేశారు, మళ్ళీ ఎవరూ ముట్టుకోలేదు. కోళ్ళు గుడ్లెక్కడ పెడతాయని మిల్లు ఇల్లాలు బెట్టు చేస్తే, వాటికి చెక్క గూడు చేయించి ఇచ్చాం. అంకుల్ ఆ రెట్టల మధ్య మోకాళ్ళ మీద కూర్చుని, రేకుకు చెవి ఆనించి, పెద్ద పుల్లీని రెండు చేతులతో మెల్లగా తిప్పాడు. లోపల డ్రమ్ము కదిలింది.

“ఉంది,” అన్నాడు. “పేనముంది. పాపం, ఒక్క పంటన్నా కొయ్యనేదు ఇది.”

తిరుగు దారిలో ఆయన ఎప్పుడూ చెప్పని మాటొకటి చెప్పాడు. షిప్‌యార్డులో నలభై ఏళ్ళు ఓడల ఇంజన్లు విప్పాడు, బిగించాడు. పని అయ్యాక ఓడ వెళ్ళిపోయేది. అది బయలుదేరే వేళకు ఈయన ఇంకో ఓడ పొట్టలో ఉండేవాడు. “నా చేత్తో బాగుచేసింది నా కళ్ళముందర నడవడం నేనొక్కసారీ సూడనేదు తమ్ముడూ. దీన్ని సూస్తాను. ట్రాక్టర్ తగిలించి, వట్టి గడ్డిలోనైనా సరే, ఒక్క రౌండు.” ఆ క్షణం నుంచి మూడో మిషన్ నాది కాదు, ఆయనది. నాకు అందులో ఏ బాధా లేకపోయింది.

మా ఇద్దరికీ తగువు వచ్చింది ఒక్క విషయంలోనే. జురాంగ్ ఐలాండ్ ప్లాంట్‌లో నా ఉద్యోగం ఏమిటంటే, పంపులు, కంప్రెసర్లు విప్పినప్పుడు ఏ ముక్క ఎక్కడుందో కాగితం మీద ఉంచడం. మా దగ్గర ట్యాగు లేనిదే వాషరు కూడా నేల మీద పెట్టం. అంకుల్ పద్ధతి వేరు. నేల మీద పెద్ద నీలం టార్పాలిన్ పరిచి, విప్పిన ప్రతి ముక్కనూ అది మిషన్లో ఎక్కడుండేదో టార్పాలిన్ మీదా అక్కడే పెట్టేవాడు. ఎడమవి ఎడమకు, కుడివి కుడికి, లోపలివి మధ్యలో. ప్రతి బోల్టూ తన రంధ్రం పక్కన. నెల తిరిగేసరికి మిషన్ మొత్తం నేల మీద పడుకుంది, తిన్నాక పళ్ళెంలో మిగిలిన చేప ముల్లు లాగా. నేను ట్యాగులు కట్టాను. ఆయన వాటిని కత్తిరించి నా జేబులో కుక్కాడు.

“కాగితం సదివి బిగించేవోడు కాగితాన్నే బిగిస్తాడు,” అన్నాడు. “నువ్వు ముక్కను సూడు.”

పోనీ ఫొటోలు తీస్తానంటే, ఫొటోలో బరువు తెలీదన్నాడు. తెలియవలసింది అదే. చూడ్డానికి కవలల్లా ఉండే రెండు బేరింగుల్లో ఒకటి ఎడమ షాఫ్టుతో అరిగింది, ఒకటి కుడి షాఫ్టుతో. వాటి కింద కాగితమంత పల్చని రేకు ముక్కలు, ఒక పక్క మూడు, ఒక పక్క ఐదు. డ్రమ్ము చుట్టూ ఉండే పట్టీలు ఎదురెదురు జతలుగా బరువు తూచి బిగించినవి, జత మారితే డ్రమ్ము వణుకుతుంది. ఈ మిషన్‌కు పుస్తకం ఎక్కడా దొరకలేదు. ఉన్న పుస్తకమల్లా ఆ టార్పాలినే.

ఇప్పుడు తలుచుకుంటే నాకు అర్థమవుతోంది. ఆయన ముక్కలను పెడుతూ పెదవులు కదిపేవాడు. ఒకదాన్ని పెట్టి, రెండడుగులు వెనక్కి వేసి, మళ్ళీ వచ్చి చూసుకునేవాడు. ముసలాయన నెమ్మది అనుకున్నాను. ఒక శనివారం కాజ్‌వే మీద బస్సు ఆగిపోయినప్పుడు, కిటికీలోంచి చూస్తూ, “ఈమజ్జిన కొన్ని జారిపోతన్నాయి తమ్ముడూ,” అన్నాడు. “నిన్న నా కూతురి ఇస్కూలు పేరు గుర్తు రానేదు. చేతులు మాత్రం ఇంకా ఏటీ మర్సిపోనేదు. అదొక్కటే దయిర్యం.” నేను నవ్వేసి, “నాకు నా పిన్ నంబరే యాదికుండది అంకుల్,” అన్నాను. ఆయన కూడా నవ్వాడు. అంత పెద్ద మాట ఆయన నా చేతిలో పెడితే, నేను దాన్ని చిల్లరలా జేబులో వేసుకున్నాను.

ఆ ఏడాది దసరా శనివారం వచ్చింది. అంకుల్‌ను కూతురు గుడికి తీసుకెళ్ళింది. నేనొక్కణ్ణే షెడ్డుకు వెళ్ళాను. సంచిలో కొబ్బరికాయ, నిమ్మకాయలు, పసుపు, కుంకుమ, లిటిల్ ఇండియాలో కొన్న బంతిపూలు. ఆయుధ పూజ చేద్దామని నా ఉబలాటం. తీరా చూస్తే ఆ ముక్కలన్నీ నేల మీద, దుమ్ములో. నడవాలంటే వాటి మధ్య నుంచి కాళ్ళు పెట్టుకుంటూ పోవాలి. పుస్తకానికి గానీ పనిముట్టుకు గానీ కాలు తగిలితే కళ్ళకద్దుకునే వాళ్ళం మేం. పండుగ పూట వాటిని అలా నేల మీద పడేసి బొట్టు పెట్టడానికి నా మనసు ఒప్పలేదు.

ఒక్కొక్కటీ తీశాను. బకెట్లో కిరోసిన్ పోసి కడిగాను, పాత చొక్కా గుడ్డతో తుడిచాను, నూనె రాశాను. ప్లాస్టిక్ డబ్బాలు అక్కడే ఉన్నాయి. బోల్టులు బోల్టుల్లో, వాషర్లు వాషర్లలో, బేరింగులన్నీ ఒకచోట, పట్టీలన్నీ కట్టగట్టి ఒకచోట. రేకు ముక్కలను మందం చూసి వరస పెట్టాను. అదంతా చేస్తూ పాటలు పాడుకున్నాను, అది కూడా చెప్పాలి. ట్యాగులు కత్తిరించి జేబులో కుక్కిన మనిషికి నా పనితనం చూపిద్దామన్న సరదా కూడా ఎక్కడో లేకపోలేదు. మధ్యాహ్నానికి టార్పాలిన్ ఖాళీ అయింది. దాన్ని కడిగి ఆరేశాను. డబ్బాలను వరసగా పెట్టి, ఒక్కోదానికి బొట్టు పెట్టి, పూలు చల్లి, కొబ్బరికాయ కొట్టి దండం పెట్టుకున్నాను. ఫొటో తీసి మా ఆవిడకు పంపితే, ఇల్లెప్పుడన్నా ఇట్ల సర్దినవా అని జవాబిచ్చింది.

తర్వాతి శనివారం అంకుల్ నాకంటే ముందు షెడ్డులోకి నడిచాడు. నేను టీ పట్టుకుని వెనక వచ్చేసరికి, తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు.

“ఇక్కడియన్నీ ఏటయినాయి?”

“పండుగ కదా అంకుల్, పూజ చేసిన. అన్నీ కడిగి డబ్బాల్ల పెట్టిన.”

ఆయన వెళ్ళి బేరింగుల డబ్బాలోంచి రెండు తీసి, చేతికొకటి పెట్టుకుని తూచినట్టు పట్టుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. మార్చి పట్టుకున్నాడు. నా వైపు తిరిగాడు. “ఏది తమ్ముడూ ఎడమది?” అన్నాడు. ఎప్పుడూ నన్ను ఏదీ అడగని మనిషి. అప్పుడు తెలిసింది నాకు నేనేం చేశానో. ఆయన మొహం చూసి భయపడ్డాను. తప్పు జరిగినప్పుడు మా ప్లాంట్‌లో ముందు అందరూ చూసేది, రిపోర్టులో ఎవరి పేరు వస్తుందని. నాలుక నాకంటే ముందు కదిలింది.

“మీరే చెప్పిండ్రు గదా అంకుల్. పండుగకు అన్నీ తీసి సాఫ్ చేసి పెట్టుమని.”

“నేనా?”

“అవును. మొన్న బస్సుల.”

ఆయన కోప్పడి ఉంటే ఎంత బాగుండేది. అబద్ధం చెప్పకురా అని ఒక్కటి వేసి ఉంటే. ఆయన నన్ను అనుమానించనే లేదు. చూపు లోపలికి తిరిగిపోయింది, పోగొట్టుకున్న తాళం చెవి కోసం జేబులన్నీ తడుముకునేవాడిలా. “బస్సులోనా? ఎల్లేటప్పుడా, వచ్చేటప్పుడా?” అని అడిగాడు.

“వచ్చేటప్పుడు,” అన్నాను. మొదటిది నోరు జారింది అనుకోవచ్చు. రెండోది తెలిసే చెప్పాను.

“షిప్‌యార్డులో మేవూ ఆయుధ పూజ సేసేవోళ్ళం,” అన్నాడు మెల్లగా. “విప్పిన ఇంజనుంటే, ఏ ముక్క ఎక్కడుంటే అక్కడనే బొట్టు. ఎవుర్నీ ముట్టనిచ్చేవోణ్ణి కాను. అలాటిది నేనే తియ్యమన్నానా.” ట్రాక్టర్‌కు తగిలించే కడ్డీ మీద కూర్చుండిపోయాడు. టీ చల్లారిపోయింది. కాసేపటికి, “సెప్పే ఉంటాను,” అన్నాడు.

ఇంకో రెండు శనివారాలు వచ్చాడు. డబ్బాల ముందు కూర్చుని ఒకటి తీసేవాడు, తిప్పి చూసి మళ్ళీ అందులోనే వేసేవాడు. మూడో శనివారం బస్‌స్టాపుకు తన పానాల సంచి తెచ్చి నా చేతికిచ్చాడు. నువ్వు ఎల్లు తమ్ముడూ, నేను రాను అన్నాడు. నేను బతిమాలాను. బతిమాలడానికి సిద్ధపడ్డాను గానీ, నిజం చెప్పడానికి సిద్ధపడలేదు. ఒక్క మాట అంటే అయిపోయేది. ఆ మాట అనకుండా బస్సెక్కాను.

నెల తర్వాత వాళ్ళమ్మాయి ఫోన్ చేసింది. నాకంటే ఐదారేళ్ళు పెద్దది, అక్కా అని పిలుస్తాను. నాన్న తనంతట తనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళమన్నాడని చెప్పింది.

“డాక్టర్ ఎగ్జాంపుల్ చెప్పమంటే నాన్న మీ షెడ్డు గురించే చెప్పారండి. విప్పిన మిషన్ని క్లియర్ చెయ్యమని చెప్పేశాను, చెప్పినట్టు కూడా గుర్తులేదు, అన్నారు. డాక్టర్ ఏమో ఇది ఎర్లీ స్టేజ్, చేతిపని ఆపొద్దు, అదే మంచిది అన్నారు. వింటే కదా. అలాంటి మాట చెప్పినవాడు పానా పట్టుకోకూడదంట. మీరు ఒకసారి చెప్పి చూడండి.”

చెప్పి చూస్తానన్నాను. ఆయనకు రోగం నేను తెప్పించలేదు. అది అంతకుముందే ఉంది, ఎలాగూ వచ్చేదే. ఈ మాట నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకున్నానో లెక్కలేదు. కానీ ఆయనకు ఇంకా ఒక మంచి ఏడాది మిగిలి ఉంది. చేతులు మర్చిపోలేదన్న ధైర్యం ఒక్కటి మిగిలి ఉంది. దాన్ని నేను లాక్కున్నాను, నా పేరు చెడకుండా ఉండడానికి. ఏ దొంగా అంత చవగ్గా దొంగతనం చేసి ఉండడు.

ఆ తర్వాత నాకు పట్టిన పట్టుదల ఒక్కటే. మిషన్ను నేనే బిగించి, వీడియో తీసి కాదు, ఆయన్ని కారులో తీసుకెళ్ళి చూపించాలి. టార్పాలిన్ మీద ముక్కలున్నప్పటి ఫొటో నా ఫోన్‌లో ఒక్కటే ఉంది. దాని మధ్యలో అంకుల్ నిలబడి నవ్వుతున్నాడు. సగం మిషన్ ఆయన వెనకే ఉంది. దాన్ని పెద్దది చేసి, ఆయన మోకాలి పక్కన కనిపించేది ఏ బోల్టో పోల్చుకోవడానికి రాత్రింబవళ్ళు అవస్థపడ్డాను. ఏడాది పట్టింది. యార్డు వ్యాపారి ట్రాక్టర్ అడిగి తెచ్చి తగిలించాను. డ్రమ్ము తిరిగింది. నాలుగు చుట్లు బాగానే తిరిగి, వేగం అందుకోగానే వణకడం మొదలుపెట్టింది. రేకులన్నీ గలగలలాడాయి. ట్రాక్టర్ ఆపమని నేను అరిచేలోపే ఎడమ పక్క బేరింగును పట్టి ఉంచే ఇనుప గూడు నిలువునా పగిలింది. అందులో నేను బిగించింది ఎడమదో కుడిదో, నాకేం తెలుసు. యార్డువాళ్ళందరూ చూస్తుండగా ఆ నేల మీదే కూర్చుని ఏడ్చాను.

ఇక చెప్పకుండా ఉండలేకపోయాను. ఒక సెలవురోజు మధ్యాహ్నం సెంబవాంగ్‌లో వాళ్ళ ఫ్లాట్‌కు వెళ్ళాను. అంకుల్ కిటికీ పక్క కుర్చీలో ఉన్నాడు. బాగా తగ్గిపోయాడు. నన్ను చూసి తమ్ముడూ అన్నాడు గానీ, అప్పటికి ఆయన లిఫ్టు బాగుచేసేవాణ్ణి కూడా తమ్ముడూ అనే అంటున్నాడు. పొద్దున ఏం తిన్నాడో గుర్తుండడం లేదని, కూతుర్ని ఒక్కోసారి భార్య పేరుతో పిలుస్తున్నాడని అక్క చెప్పింది. ఆవిడ టీ కప్పులు పట్టుకుని నిలబడి ఉండగానే, నేను ఆయన కుర్చీ ముందు నేల మీద కూర్చుని చెప్పేశాను.

“అంకుల్, ఆ ముక్కలు నేనే తీసిన. మీరు తియ్యమని చెప్పలేదు. బస్సుల మీరు ఏమీ అనలేదు. నేను అబద్ధం చెప్పిన. మీ తప్పు ఏం లేదు. మీరు ఏదీ మర్చిపోలేదు.”

అక్క కప్పులు బల్ల మీద పెట్టేసింది. నా మొహంలోకి చాలాసేపు చూసింది.

“ఇప్పుడా చెప్తారు?” అంది.

అంకుల్ ముందుకు వంగాడు. నా మాటల్లో ఏదో ఒకటి ఆయనకు అందింది. కళ్ళల్లోకి పాత వెలుగు వచ్చింది, పానా కోసం చెయ్యి చాపినప్పుడు ఉండేది.

“టార్పాలిన్,” అన్నాడు. “నీలం టార్పాలిన్. అవునవును. నువ్వేటి తీసింది, నేనే కదా తియ్యమన్నాను. బస్సులో. వచ్చేటప్పుడు. వానొకటి. కాజ్‌వే మీద బస్సు ఆగిపోనాది. నేను కిటికీ పక్క, నువ్వు ఇటు. తమ్ముడూ, పండగొస్తంది, అన్నీ తీసి కడిగి పెట్టు అన్నాను. నువ్వు సరే అంకుల్ అన్నావు.” కూతురి వైపు తిరిగాడు. “సూసినావా అమ్మా? గుర్తుంది నాకు. అంతా గుర్తుంది.”

ఆయన ఆనందంతో ఊగిపోతున్నాడు. కాదు అంకుల్ అని మళ్ళీ అనబోయాను. అక్క నా భుజం మీద చెయ్యి వేసి గట్టిగా నొక్కింది. నెలల తరబడి ఆయన ఒక్క సంగతి కూడా మొదటి నుంచి చివరిదాకా చెప్పలేదని, ఇదే మొదటిసారని నాకు తర్వాత చెప్పింది. అప్పుడు మాత్రం వంగి, తగ్గు గొంతుతో, “యెస్ అని చెప్పండి. ప్లీజ్,” అంది.

ఆయన నా కళ్ళలోకే చూస్తున్నాడు, నేను ఒప్పుకుంటానా లేదా అని.

“అవును అంకుల్,” అన్నాను. “మీరే చెప్పిండ్రు.”